ఊరేగడానికి పుట్టిన మూర్తి

వేడుకల వేదిక మీద నటరాజ విగ్రహం తమిళనాడులో కంచు విగ్రహాలు పోసే స్వామిమలై నుంచి తెప్పించిన కొత్త పోత అని తెలియగానే కొందరికి మనసులో చిన్న వెలితి. అసలైనది ఏదో మ్యూజియం అద్దాల వెనక ఉందనీ, మన ముందున్నది దానికి నకలనీ వాళ్ల భావం. కంచు విగ్రహం విషయంలో ఈ అసలు, నకలు లెక్క కుదరదని నా వాదన. వయసునే గీటురాయిగా పెట్టుకుంటే ఈ సంప్రదాయంలో మనకు కనిపించేది సగమే.

గర్భగుడిలో మూలవిరాట్టు కదలడు. జనం మధ్యకు వెళ్లడానికి ఉత్సవమూర్తి కావాలి. చోళుల కాలంలో కావేరీ తీరాన కంచు శిల్పం అంత ఎత్తుకు ఎదగడానికి ఆ అవసరమే పెద్ద కారణం. పాత విగ్రహాల పీఠాలకు కనిపించే రంధ్రాలు, కడియాలు వాహనానికి బిగించడానికీ, మోసే బొంగులకు కట్టడానికీ పెట్టినవి. పదో శతాబ్దపు రాణి సెంబియన్ మహాదేవి కాలం నాటి విగ్రహాల నడుము వంపునూ, వేళ్ల కొనలనూ కళా విమర్శకులు వేనోళ్ల పొగుడుతారు. గుడిలో భక్తుడికి మాత్రం ఆ వంపు కనిపించేది అభిషేకం వేళే. మిగతా సమయమంతా పట్టుబట్టలు, పూలదండలు, నగలు. మ్యూజియంలో మనం అసలు రూపం అనుకునేది పూజా క్రమంలో ఒక ఘడియ మాత్రమే.

తయారీ పద్ధతి కూడా నకలు అన్న మాటను ఒప్పుకోదు. విగ్రహం పోసే స్థపతి కొబ్బరాకును మడిచి, తాళమానమనే శిల్పశాస్త్ర లెక్క ప్రకారం కొలతలు గుర్తించుకుంటాడు. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి మూర్తిని మలుస్తాడు. దాని మీద కావేరి వండలి మట్టిని పొరలు పొరలుగా పూసి, ఆరబెట్టి కాలుస్తాడు. మైనం కరిగి కారిపోయిన ఖాళీలో లోహం పోస్తాడు. అందులో రాగే ఎక్కువ. చల్లారాక మట్టి అచ్చును పగలగొట్టాల్సిందే. ఆ అచ్చు ఇంకో విగ్రహానికి పనికిరాదు, మైనం బొమ్మ అంతకుముందే పోయింది. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు మానసోల్లాసంలో ఈ విధానాన్ని వర్ణిస్తూ, మైనం తూకానికి ఎన్ని రెట్లు లోహం కావాలో కూడా లెక్కకట్టాడు. ప్రతి పోతా మొదటి పోతే అయినచోట, వారసత్వం ఉండేది స్థపతి చేతిలోనే.

ఇవాళ్టి పోతలకు చోళుల నాటి అందం ఏదీ అని అడగవచ్చు. నిజమే, చాలావాటికి లేదు. కేటలాగు చూసి ఆర్డరిచ్చే కొనుగోలుదారుడికి కేటలాగు ముఖమే వస్తుంది. కానీ అది పనితనానికి సంబంధించిన విమర్శ, కొత్తదనం తప్పు కాదు.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: కొత్తదీ అసలైనదే అయితే దొంగిలించిన పాతవాటి కోసం పోరాటం ఎందుకు? తమిళనాడులోని శివపురం నటరాజు ఈ ప్రశ్నకు పరీక్ష లాంటివాడు. 1951లో భూమిలో దొరికిన ఆ విగ్రహాన్ని మరమ్మతుకని పంపితే, తిరిగి వచ్చింది మారు విగ్రహం. అసలుది చేతులు మారి అమెరికా చేరింది. 1970లలో నార్టన్ సైమన్ ఫౌండేషన్ దాన్ని కొన్నది. ఒప్పందం మీద 1986లో భారతదేశానికి తిరిగి వచ్చింది. ఆ మధ్యకాలంలో ఊరు పూజించింది మారు విగ్రహాన్నే. నా వాదన ప్రకారం అందులో నష్టం లేదనాలి కదా? అనను. జీర్ణమైన మూర్తి స్థానంలో కొత్తదాన్ని ప్రతిష్ఠించే విధి ఆగమాల్లో ఉంది, ఊరికి తెలిసి జరిగే మార్పు సంప్రదాయమే. అక్కడ జరిగింది ఊరి కళ్లుగప్పి చేసిన మార్పిడి. పోరాటం ఆ మోసం మీద. అందుకే తిరిగి తెచ్చిన మూర్తులు ఎన్నో తమ ఊరి గుడికి చేరకుండా తిరువారూరులోని విగ్రహాల భద్రతా కేంద్రంలోనే మిగిలిపోవడం కూడా నాకు సగం న్యాయంగానే తోస్తుంది.

మూర్తి సముద్రం దాటడమే తప్పని మాత్రం అనలేం. వియత్నాంలోని దోంగ్ డువాంగ్‌లో, ఇండోనేషియాలోని సులవేసిలో దొరికిన బుద్ధ ప్రతిమల్లో పండితులు అమరావతి శైలిని గుర్తించారు. వాటి పుట్టిల్లు సింహళమన్న వాదమూ ఉంది. ఏది నిజమైనా, అవి వర్తకులతోనో భిక్షువులతోనో కలిసి వెళ్లి ఉంటాయి. గుంటూరు సీమలోని బుద్ధాంలో పందొమ్మిదో శతాబ్దంలో బయటపడిన కంచు బుద్ధులు లండన్ బ్రిటిష్ మ్యూజియం చేరిన దారి వేరు. ప్రవాసంలో గుడి కట్టుకుని స్వామిమలైలో మూర్తిని పోయించి తెచ్చుకునేవాళ్లు మొదటి దారిలో ఉన్నారు.

అలా తెచ్చుకునేవాళ్లు తంజావూరు నుంచి ఒక పద్ధతి అరువు తెచ్చుకోవచ్చు. 1010లో పూర్తయిన రాజరాజేశ్వరాలయం గోడల మీద, ఏ లోహమూర్తిని ఎవరిచ్చారో, ఎత్తెంతో, చేతులెన్నో, నగలేమిటో చెక్కించారు. అలాంటి నమోదు ఎంత అక్కరకొస్తుందో ఈ కాలంలోనూ చూశాం: తమిళనాడులోని శ్రీపురంతన్ గుడి నుంచి చోరీ అయిన నటరాజు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ నుంచి 2014లో భారతదేశానికి రాగలిగాడంటే, పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఆ గుడిలో ఎప్పుడో తీసి దాచిన ఫొటోల సాక్ష్యం అందుకు పెద్ద ఆసరా. మన గుళ్లు దాత పేరు పాలరాతి మీద చెక్కిస్తాయి. దాని పక్కనే మూర్తి కొలతలు, తూకం, పోసిన ఏడాది, పోసిన స్థపతి పేరు కూడా చెక్కించడానికి ఇంకో నాలుగు వరుసలు చాలు.