మందు డబ్బా పోయింది - కొట్టిన కూలోడి ఒంట్లోది పోయిందా?

ఆదోని, ఎమ్మిగనూరు పత్తి సేన్లలో ఏళ్ల తరబడి కొట్టిన మందు ఎండోసల్ఫాన్. 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా దాని తయారీ, అమ్మకం, వాడకం ఆపించింది. అంగళ్లలో డబ్బాలు పోయినాయి. మట్టిలో దిగినదీ, మనిషి కొవ్వులో చేరినదీ అంత తొందరగా పోయే రకం కాదు. అంతకుముందు మనం చల్లిన బి.హెచ్.సి., డి.డి.టి. గుణమూ అంతే.

సర్కారు ఏమీ చేయలేదని మేము అనం. 2004 నుంచి మహిళా సంఘాల ద్వారా మందులు లేని సేద్యం, 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి సేద్యం నేర్పుతున్నారు. మంచిదే. అయితే అదంతా భూమి ఉన్న రైతు గట్టు మీద జరిగే పని. వీపున పంపు మోసినవాడు, మందు ఆరకముందే పత్తి తీయడానికి ఒంగినామె, సీడ్ పత్తిలో క్రాసింగ్ చేసిన ఆడపిల్ల ఏ లెక్కలోకి వస్తారు?

చట్టం లేదా అంటే ఉంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల్లో 37వది ఏం చెబుతుంది? మందు కొట్టే పనిలో పెట్టుకునే మనిషిని పనికి ముందు, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి డాక్టరు పరీక్షించాలి. మోనోక్రోటోఫాస్ జాతి మందులైతే నెలనెలా రక్తంలో కోలినెస్టరేజ్ చూడాలి. నరాలను అదుపులో ఉంచే పదార్థమది. విషం ఎక్కితే అది పడిపోతుంది, తల తిరుగుతుంది, కళ్లు మసకబారుతాయి. మేము తిరిగిన ఊళ్లలో ఈ పరీక్ష జరిగిందన్న కూలీ ఒక్కరూ తగల్లేదు. "మజ్జిగ తాగి పండుకో" అనడమే వాళ్లకు దొరికిన వైద్యం! ఎండోసల్ఫాన్ జాతికి ఏడాదికోసారి రక్తంలో నిల్వ చూడాలని కూడా రాసినారు. కాకపోతే అది ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకే. సేనులో కొట్టినోడి రక్తం వేరే రక్తమా?

కేరళలోని కాసరగోడ్ చూడండి. అక్కడ ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషనే 2000 దాకా జీడితోటల మీద హెలికాప్టర్లతో ఇదే మందు చల్లింది. జనం కొట్లాడితే శిబిరాలు పెట్టి బాధితుల పేర్లు రాసినారు. డివైఎఫ్‌ఐ వేసిన కేసులో 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు మూడు నెలల్లో ఇమ్మంది. 2022లో చూస్తే 3,704 మందిలో 8 మందికే అందింది, వాళ్లూ మళ్లీ కోర్టుకెక్కినవాళ్లే. అప్పుడు అధికారంలో ఉన్నది వామపక్ష ప్రభుత్వమే, దాచడమెందుకు? అయినా జాబితా ఉంది గనుకే నిలదీయగలిగినారు. మన దగ్గర అట్లాంటి జాబితా ఏదీ?

పైగా కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం పల్లెల జనం సుగ్గికి గుంటూరు మిరపతోటలకు పోతారు. ఆడ పీల్చిన విషం ఈడికొచ్చి జబ్బయితే ఏ రిజిస్టరులో ఎక్కుతుంది?

మందులు కొట్టే కాలం మొదలుకాకముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూలీలకు రక్తపరీక్ష పెట్టాలి. ఏ మందు, ఏ రోజు కొట్టినారో రాసిన కార్డు కూలీ చేతికియ్యాలి. సుగ్గికి పోయినచోటా ఆ కార్డు చెల్లాలి. వచ్చే గ్రామసభ లోపల పంపు మోసేవాళ్ల పేర్లు, పత్తి తీసే ఆడోళ్ల పేర్లు ఊరూరా మనమే ఒక నోటుబుక్కులో రాసి పట్టుకుపోదాం.