చిన్న విమానాల మీది గుర్తులు: అంటింపు వెనుక రసాయనశాస్త్రం

ప్లాస్టిక్ ముక్కలను అతికించి విమానాలను, ఓడలను, కార్లను తయారుచేయడం మన పిల్లలలో చాలామందికి ఇష్టమైన వినోదం. అయితే ముక్కలను అతికించడంతో పని ముగియదు. ఆ విమానం ఏ దేశానిదో, ఏ దళానిదో తెలిపేవి దాని మీది గుర్తులు. వారాల తరబడి చేసిన శ్రమ తరచుగా ఈ చివరి ఘట్టంలోనే పాడవుతుంది. దీనికి పిల్లల చేతకానితనం కన్న పదార్థాల స్వభావం తెలియకపోవడమే ముఖ్యకారణం. ఈ గుర్తులు ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది స్టికర్. మన స్త్రీలు ధరించే స్టికర్ బొట్టు ఈ జాతిదే. దీని జిగురు ఎండి గట్టిపడేది కాదు. అది ఎల్లప్పుడూ మెత్తగా ఉండి, వేలితో ఒత్తగానే ఉపరితలాన్ని తాకి పట్టుకుంటుంది. వాడుక సులభం కనుక చిన్న పిల్లలకు ఇదే తగినది. కాని స్టికర్ మందంగా ఉంటుంది. అంచు స్పష్టంగా కనిపిస్తుంది. వంపుల మీద క్రమంగా పైకి లేస్తుంది.

రెండవది పొడి బదిలీ. పారదర్శకమైన పలక వెనుక సిరాపొర, దానిపై మైనం వంటి పలుచని జిగురు ఉంటాయి. పైనుండి మొద్దుమొన గల పుల్లతో రుద్దితే సిరా పలకను వదలి ప్లాస్టిక్‌ను పట్టుకుంటుంది. 1960లలో ప్రచారంలోకి వచ్చిన లెట్రాసెట్ అక్షరాలు ఈ పద్ధతివే. గుర్తు చుట్టూ అదనపు పొర ఉండదు కనుక రంగుతో వ్రాసినట్లే కనిపిస్తుంది. కాని ఒకసారి అంటిన తరువాత జరపడం సాధ్యం కాదు.

మూడవది నీటి డెకాల్. అనుభవజ్ఞులు ఎక్కువగా కోరుకొనేది ఇదే. నీటిని పీల్చే కాగితం మీద డెక్స్ట్రిన్ అనే జిగురు, దానిపై పలుచని లాకర్ పొర, అందులో సిరా ఉంటాయి. డెక్స్ట్రిన్ మన గంజిలోని పిండిపదార్థం నుండి తయారయ్యేదే. పిండిపదార్థపు పొడవైన అణువులను వేడితోను, ఆమ్లంతోను చిన్నవిగా విడగొడితే అది నీటిలో సులభంగా కరుగుతుంది. కాగితాన్ని గోరువెచ్చని నీటిలో కొద్ది సెకనులు ముంచి, తీసి, ఒక నిమిషం ఉంచితే జిగురు కరిగి, బొమ్మ కాగితం మీద జారుతుంది. అప్పుడు కావలసిన చోటికి జరుపుకోవచ్చును. ఎక్కువసేపు నానబెడితే జిగురంతా నీటిలోకే పోతుంది.

అంటించిన డెకాల్ ఆరిన తరువాత వెండిపూతవలె తెల్లగా మెరిసిందంటే దోషం దానిది కాదు. మెరుపులేని రంగు సూక్ష్మదృష్టికి గరుకునేల. ఆ గుంటలలో గాలి చిక్కుకుంటుంది. లాకర్ వక్రీభవన గుణకం సుమారు 1.5, గాలిది 1. ఈ తేడా వల్ల కాంతి వెనుకకు చెదురుతుంది. కనుక ముందుగా మెరుపు వార్నిష్ పూసి నేలను నునుపు చేయాలి. డెకాల్ ఆరాక దానిపై మెరుపులేని వార్నిష్ పూస్తే సరిపోతుంది.

గీతలు, గుబ్బలు ఉన్నచోట రెండు ద్రవాలు తోడ్పడతాయి. మొదటిది నీటి తలతన్యతను తగ్గించి డెకాల్ సరిగా పరచుకొనేటట్లు చేస్తుంది; కొన్నింటిలో ఎసిటిక్ ఆమ్లం ఉండడం వల్ల వెనిగర్ వాసన వస్తుంది. రెండవది లాకర్ పొరను మెత్తబరచే ద్రావణి. ఇది పడగానే డెకాల్ ముడుతలు పడుతుంది. కంగారుపడి ముట్టుకోరాదు, ఆరేకొద్దీ అదే చదునై గీతలలోకి దిగుతుంది. ఎసిటోన్ మాత్రం వాడరాదు. అది పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌నే కరగిస్తుంది. ఈ పని కిటికీలు తెరచి, పెద్దల సమక్షంలో చేయాలి.

మన పిల్లలు నాట్ యుద్ధవిమానపు నమూనా కొన్నప్పుడు, పెట్టెలో తరచుగా ఉండేవి బ్రిటిష్ గుర్తులు. భారత వైమానిక దళపు కాషాయ, శ్వేత, హరిత వలయాలను ఇంటి ప్రింటరు మీద ముద్రించుకోవాలని తోచడం సహజం. ఇక్కడొక చిక్కు ఉన్నది. సాధారణ ప్రింటరులో తెల్లసిరా లేదు. దాని రంగులు పారదర్శకాలు. బూడిదరంగు రెక్క మీద తెలుపు బూడిదగాను, కాషాయం మట్టిరంగుగాను కనిపిస్తాయి. తెల్లని పొర గల డెకాల్ కాగితం మీద ముద్రించి, వలయపు అంచు వెంట కత్తిరించడం దీనికి ఉపాయం. ఇంక్‌జెట్ సిరా నీటికి చెదరకుండా ముందే పారదర్శక వార్నిష్ పూయాలి.

పాతపెట్టెలోని డెకాల్ పసుపు పచ్చబడితే పారవేయనక్కరలేదు. గాజుకిటికీకి లోపలివైపు అంటించి కొన్ని రోజులు ఎండ తగలనిస్తే పసుపుదనం చాలావరకు తగ్గుతుంది. పొర పెళుసైతే నీటిలో ముక్కలవుతుంది. కనుక ముందుగా అక్కరలేని గుర్తునొకదానిని ముంచి పరీక్షించాలి. అది పగిలితే మిగిలిన వాటిపై పారదర్శక లాకర్ పూసి, ఆరిన తరువాత ఒక్కొక్కటి విడిగా కత్తిరించి వాడాలి.

ఒక చిన్న గుర్తును అంటించడంలో ద్రావణీయత, తలతన్యత, వక్రీభవనం మూడూ పిల్లల కళ్ళెదుట పనిచేస్తాయి. పాఠ్యపుస్తకంలో నీరసంగా తోచే ఈ మాటలను బల్ల దగ్గర పక్కన కూర్చుని వివరించే అవకాశాన్ని తల్లిదండ్రులు వదులుకోకుందురు గాక!