సారా తేటగా ఉంటే చాలా?

సారా తేటగా దిగితే మంచి సరుకు, మబ్బుగా దిగితే పాడు సరుకు - బట్టీ దగ్గర ఈ మాట వింటూనే ఉంటాం. ఇందులో సగమే నిజం.

మంట ఎక్కువైతే ఊట పొంగి గొట్టంలోకి ఎక్కుతుంది. ఆ మడ్డి కలిసే సారా మబ్బేస్తుంది. రాగి పాత్ర సరిగా తోమకపోతే చిలుము దిగి నీలిపచ్చ రంగు తిరుగుతుంది. ఊటలో నవాసారం వేస్తే రాగిని మరింత తినేస్తుంది. ఆ చిలుము కడుపులో పడితే వాంతులే. అయినా ఇది కంటికి కనపడే చెడుగు, పారబోయొచ్చు.

కనపడనిది మిథనాల్. నీళ్లలా తేటగా ఉంటుంది, సారాలాగే అంటుకుంటుంది. అగ్గిపుల్ల గీసి పసిగట్టొచ్చన్నది వట్టిమాట. బెల్లం ఊటలో అది పుట్టేది బహుస్వల్పం. ప్రాణం తీసేటంత మోతాదు ఫ్యాక్టరీ డ్రమ్ముల్లోంచి వస్తుంది. పులియబెట్టే పని లేదు, కాచే పని లేదు, కలిపినవాడికి లాభమే లాభం! 2024 జూన్‌లో పొరుగున తమిళనాడులోని కళ్లకురిచిలో 60 మందికి పైగా చనిపోయింది మిథనాల్ కలిసిన సారాతోనే. కూలి జనమే ఎక్కువ. మొదటి చావులప్పుడు జిల్లా అధికారులు సారా కారణం కాదన్నారు.

తాగిన పూట ఏమీ తెలియకపోవచ్చు. మర్నాటికి చూపు మసకేస్తుంది, మంచు కమ్మినట్టుంటుంది, ఆయాసం, కడుపునొప్పి. 'నిషా దిగలేదు, పడుకోనీ' అనకండి. కేసవుతుందని దాచకండి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఏం తాగాడో, ఎప్పుడు తాగాడో డాక్టరుకు చెప్పండి. విరుగుడు మందుంది, డయాలసిస్ ఉంది. ఆ సారాయే తాగిన తక్కినవాళ్లను కూడా, బాగానే ఉన్నామన్నా సరే, వెంట తీసుకెళ్లండి.