పాకేకొద్దీ మారిపోయే కణితి

'సైనికుడు' (2006) సినిమాలో మహేష్‌బాబుకు ఎదురునిలిచిన ఇర్ఫాన్ ఖాన్ మన హాస్టల్ మిత్రులలో చాలామందికి గుర్తుండే ఉంటారు. తనకు న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ ఉందని 2018లో ఆయనే ప్రకటించారు. 2020 ఏప్రిల్ 29న కన్నుమూశారు. ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్‌కు క్లోమంలో వచ్చిందీ ఈ జాతి కణితే. 2003లో బయటపడింది. 2004లో ఆపరేషన్, 2009లో కాలేయ మార్పిడి, 2011లో మరణం. మామూలు క్లోమ కాన్సర్ ఇంత గడువు ఇవ్వడం అరుదు.

మన పేగులలో, క్లోమంలో, ఊపిరితిత్తులలో హార్మోన్లు తయారుచేసే కణాలు అక్కడక్కడా ఉంటాయి. నాడీకణాల లక్షణాలు కూడా వీటికి కొన్ని ఉన్నాయి. ఈ కణాలలో పుట్టే కణితి సాధారణంగా మెల్లగా పెరుగుతుంది. 1907లో జర్మన్ వైద్యుడు ఒబెర్న్‌డార్ఫర్ దీనిని కాన్సర్‌ను పోలినదే గాని అంత చెడ్డది కాదనుకొని 'కార్సినాయిడ్' అన్నాడు. ఇది పాకగలదని 1929లో ఆయనే మాట మార్చుకున్నాడు.

పాకితే ఎక్కువగా చేరేది కాలేయానికి. పేగులోని కణితి సెరొటోనిన్ అనే రసాయనాన్ని విడిచినా, పేగుల రక్తం కాలేయం గుండా వెళుతుంది గనుక అక్కడే అది విరిగిపోతుంది. రోగికి ఏమీ తెలియదు. కణితి కాలేయంలోనే పిల్లలు పెట్టాక ఆ రసాయనం నేరుగా ఒళ్లంతా తిరుగుతుంది. ముఖం ఎర్రబడి వేడెక్కడం, నీళ్ల విరేచనాలు, పిల్లికూతలు మొదలవుతాయి. కొందరికి గుండె కుడివైపు కవాటాలూ చెడతాయి. ఉబ్బసమనో, అజీర్ణమనో మాత్రలు మింగుతూ ఏళ్లు గడిపేవారున్నారు.

విత్తనపు మడిలో కేళీలు ఏరకపోతే ఏమవుతుందో కోవూరు పిల్లలకు వేరే చెప్పాలా? కణితిలోనూ అన్ని కణాలు ఒకేరకం కావు. త్వరత్వరగా చీలేవి కొత్తచోట పైచేయి కావచ్చు. ముక్క పరీక్షలో 'కెఐ-67' అనే లెక్క 3 శాతం లోపుంటే మొదటి గ్రేడు, 3 నుండి 20 వరకు రెండవది, 20 దాటితే మూడవది. పేగులో మొదటి గ్రేడు అన్న కణితే కొన్నేళ్లకు కాలేయంలో రెండో మూడో గ్రేడుగా తేలవచ్చు. అందరికీ ఇలా జరగదు. అయినా పెరుగుదల వేగం మారితే డాక్టర్లు మళ్లీ ముక్క తీస్తామనేది ఇందుకే. అది డబ్బుకోసం కాదు.

మందు కూడా దీనినిబట్టే. నెమ్మది కణాల మీద సొమాటోస్టాటిన్ గ్రాహకాలు ఉంటాయి. గాలియం స్కాన్‌లో అవి మెరుస్తాయి. లుటీషియం-177 మందు వాటినే పట్టుకొని కణాన్ని చంపుతుంది. ముదిరిన కణాలు ఆ గ్రాహకాలను పోగొట్టుకొని, చక్కెరను ఎక్కువగా లాగే ఎఫ్.డి.జి. స్కాన్‌లో వెలుగుతాయి. అప్పుడు కీమోథెరపీ వైపు చూడాలి. ఒకే మనిషి కాలేయంలో ఒక మచ్చ ఇలా, పక్క మచ్చ అలా ఉండటమూ కద్దు.

రాయవేలూరో, తిరుపతో, మద్రాసో వెళ్లే మనవాళ్లు పాత పరీక్ష కాగితంతోపాటు ఆ ముక్క స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి వెంట తీసుకువెళ్లాలి. కొత్తదానితో పోల్చి చూసేది వాటినే.