పాత బండికి పునర్జన్మము

గృహిణులు చదువుకొను పత్రికలో మోటారుసైకిలు ముచ్చట యేల యని మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. ఇత్తడి గిన్నెకు కళాయి వేయించుట, చిరిగిన చీరకు అతుకు వేయుట, పెద్దలనాటి సందుగకు మెరుగుపెట్టుట మన పనులే గదా! వస్తువు ఇనుపబండి యైనంతమాత్రమున అది మనకు పరాయిపని కానేరదు. మేము చేసి, పొరబడి, దిద్దుకొని తెలిసికొన్న సంగతులను మీకు విన్నవించుచున్నాము.

మాది సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలములోని చిట్కుల్ గ్రామము. ఈ ప్రాంతమున 1970 దశకమునుండి కర్మాగారములు వెలయుటతో పొలము దున్నినవారి బిడ్డలు షిఫ్టుల పనికి పోసాగిరి. మా మామగారును అట్లే ఒక కర్మాగారమున పనిచేసిరి. రాత్రి షిఫ్టు విడుచువేళకు బస్సు దొరకదు. కావున వారు ఇతరులు వాడి విడిచిన యెజ్డి మోటారుసైకిలు నొకదానిని కొని, ఇరువదియేండ్లు దానిమీదనే పోయివచ్చిరి. వారు 2012లో కాలము చేసిన పిమ్మట బంధువు లొకరు పెండ్లి ఊరేగింపునకై బండిని అడిగి తీసికొనిపోయి, గోడలకు సున్నము వేయు కుంచెతో దానినంతటిని వెండిరంగుతో పులిమి తెచ్చిరి. రబ్బరుమీద, మరలమీద, దీపపు అద్దపు టంచులమీద సైతము వెండిరంగే! నాటినుండి అది కొట్టములో పడియుండెను. సీటుమీద కోళ్లు కాపురముండెను.

నిరుడు మా పెద్దవాడు డిగ్రీ కళాశాలలో చేరెను. వాయిదాలపై క్రొత్తబండి కొనవలెనని వాని కోరిక. ఉపాధ్యాయులగు మావారి జీతములో ఆ వాయిదాలకు చోటు లేదు. పాత ఇనుము కొనువాడు మామగారి బండికి 6,000 రూపాయ లిచ్చెద ననెను. మా అత్తగారి నడుగగా ఆమె యొక్క మాటయే అనిరి: "అమ్ముకుంటె అమ్ముకోండ్రి. గని ఆ రంగుల జూస్తె అది మీ మామ బండి అనిపిస్తనే లేదు." ఆ మాట మాకు నిద్ర పట్టనీయలేదు. ఆరణ్యపర్వములోని నలోపాఖ్యానము మనకు తెలిసినదే. కర్కోటకుని కాటుచే నలుడు వికృతరూపము దాల్చి, బాహుకు డను పేర గుర్రములను కాచుచున్నను లోని నలుడు నలుడే. ఈ బండికిని అట్టి మారువేషమే పట్టినది గాబోలు ననుకొని, చీటీపాట సొమ్ములో 20,000 రూపాయలు దీనికై కేటాయించితిమి. ఆ సొమ్ము మించినచో బండిని ఇనుమునకే యిచ్చివేయవలెనని మావారితో ఒడంబడిక చేసికొంటిమి.

ఈ బండి కథ కొంత చెప్పెదము. చెకొస్లొవేకియా దేశమున జనెచెక్ అను నాయన 1929లో వాండరర్ అను జర్మను సంస్థ బండి నమూనాతో మోటారుసైకిళ్లు చేయ నారంభించెను. ఆ రెండు పేర్ల మొదటి అక్షరములు కలిసి జావా యైనది. ఆ బండ్లను మన దేశమున మైసూరులోని కర్మాగారము 1961 నుండి తయారుచేసెను. 1973 నుండి వానికే యెజ్డి యను పేరు వచ్చెను. ఆ కర్మాగారము 1996లో మూతపడెను. 2022లో ఆ పేరుతో వేరు బండ్లు మరల వచ్చినవి. పాతబండిలో ఒక చమత్కారము కలదు. గేరు మార్చు కడ్డీయే లోనికి నొక్కి పైకి త్రిప్పినచో కిక్కు కడ్డీ యగును. ఇది రెండు స్ట్రోకుల యంత్ర మగుటచే పెట్రోలులోనే నూనె కలిపి పోయవలెను. ఆ నూనెయే లోని భాగములకు తైలాభ్యంగనము.

మొదట చేయవలసినది విప్పుట కాదు, చూచుట. ప్రతి భాగమును విప్పక మునుపే ఫోటోలు తీసితిమి. విప్పిన మరలను ఖాళీ ఆవకాయ సీసాలలో వేసి, ఏ చోటివో చీటీలు వ్రాసి అంటించితిమి. టాంకులోని పాతపెట్రోలు తీయుటయందు మిక్కిలి జాగరూకత వలెను. నిండుటాంకు కంటె ఆవిరి నిండిన ఖాళీటాంకు ప్రమాదకరము. పొయ్యికి, దీపమునకు దూరముగా ఆరుబయటనే ఆ పని చేసితిమి. తరువాత టాంకును కడిగి, లోని త్రుప్పునకు వేడినీటిలో నిమ్మఉప్పు కలిపి పోసి ఒక రాత్రి యుంచితిమి. చింతపండు ఇత్తడి కిలుమును విడిపించినట్లే ఈ పులుపు త్రుప్పును విడిపించును. మరునాడు వంటసోడా నీటితో కడిగి, వెంటనే ఎండబెట్టి, లోపల కొంచెము నూనె త్రిప్పితిమి. ఆలస్యమైనచో సాయంకాలమునకే త్రుప్పు మరల పట్టును.

ఇక రంగు. బిడ్డలున్న యింట దీనిని తేలికగా తలపరాదు. పాతరంగులలో సీసముండవచ్చును. ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు నుండి మాత్రమే అమలునకు వచ్చినది. బండి రంగులు ఆ నియమములోనివి కావు. సీసపుధూళి పసిపిల్లల బుద్ధివికాసమునకు హాని చేయును. కావున పొడిగా గీకక, నీరు చల్లుచు వాటరు పేపరుతోనే రుద్దితిమి. మొదట 120వ నంబరు, పిమ్మట 220, తుదకు 400. ముక్కునకు మాస్కు, చేతులకు తొడుగులు ధరించి, చిన్నదానిని ఆ ప్రక్కకు రానీయలేదు. చాసిస్‌మీద చెక్కిన అంకెలను మాత్రము తాకలేదు. అవి అరిగినచో బండి యెవరిదో ఋజువు చేయజాలము.

రుద్దిన మురికిని, పాతనూనెను మోరీలో పోయుటకు మాకు చేతులు రాలేదు. మా ప్రాంతపు నక్కవాగు కర్మాగారముల మురికితో చెడి మంజీరలో కలియుచుండగా, 1990లోనే ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కినది. 2007లో స్వీడను దేశపు పరిశోధకులు ఇచటి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు కలదని ప్రకటించిరి. పెద్దలను నిందించు నోటితో మనము చిన్నతప్పు చేయనేల? పాతనూనెను డబ్బాలో పట్టి, దానిని సేకరించు గ్యారేజీ కిచ్చితిమి. మురికిని ఆరబెట్టి మూటగట్టి వేరుగా నుంచితిమి.

వెండిరంగు క్రింద నీలము, నీలము క్రింద నలుపు కనబడెను. రిజిస్ట్రేషను పుస్తకములోను నలుపే యున్నది. నలుపే వేయ నిశ్చయించితిమి. ఇచట మేము పొరబడితిమి. ఆషాఢపు ముసురులోనే తొందరపడి, పంపు అరువు తెచ్చి రంగు చల్లితిమి. ఆరినంతనే టాంకుమీద బూడిద చల్లినట్లు తెల్లని మసక! థిన్నరు వేగముగా ఆవిరియగునపుడు లోహము చల్లబడును. గాలిలోని తడి దానిమీద చేరును. అందుచే ఆ మసక. మరల 800వ నంబరుతో రుద్ది, దసరా గడచిన పిదప పొడియెండలో పలుచని పూతలు మూడు వేసితిమి. ఆ తొందరపాటునకు 1,500 రూపాయలు దండుగ. చీటీ సొమ్ము అంచున నిలిచెను. నాటిరాత్రి మావారు లెక్క వ్రాసిన కాగితమును చూచి ఇనుపసామానువాడు మా కన్నుల మెదలెను.

ఎండిపోయిన ఆయిల్ సీళ్లు, వైర్లు, బ్రేకు లైనర్లు సికింద్రాబాదు రాణీగంజులో దొరకినవి. ఇంజను విప్పు పనిని మాత్రము ఇస్నాపూరు మెకానిక్కున కప్పగించితిమి. చేతగాని పనిని చేతనైనవానికి విడుచుటయు గృహిణి నేర్పే. బ్రేకులనైతే అతడు సరిచూడక కదలింపలేదు. మొత్తము వ్యయము 19,400 రూపాయలు. బండి 15 ఏండ్లు దాటినచో ఐదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను. దానికి 25వ ఫారము, చనిపోయినవారి పేరునుండి వారసునకు మార్చుటకు 31వ ఫారము వలెను. రంగు మార్చువారు ఆ మార్పునుగూడ వ్రాయించుకొనవలెను. మరొక సత్యమును దాచరాదు. క్రొత్తబండికంటె దీనికి పెట్రోలు హెచ్చు, పొగయు కలదు. కావున కాగితములన్నియు చక్కబడిన పిమ్మటనే, అదియు పటాన్‌చెరు మేరకే వాడవలెనని నియమించితిమి.

కార్తికమాసమున నొక యుదయము మెకానిక్కు మా వాకిట కిక్కు కొట్టెను. పలుమార్లు కొట్టినను పలుకలేదు. తుదకు ఒక్కమారుగా బండి మ్రోగెను. వంటింట కూర తరుగుచున్న మా అత్తగారు కత్తిపీట విడిచి, చేతులు కొంగున తుడుచుకొనుచు వచ్చి గడపకడ నిలిచిరి. రథఘోషము విని దమయంతి నలుని రాకను గుర్తించె నని చదువుకొనినప్పుడు మేము దానిని కవుల చమత్కార మనుకొంటిమి.

"అదే సప్పుడు," అనిరి అత్తగారు. కొంతసేపటికి మనుమనివైపు తిరిగి, "తలకు హెల్మెట్ పెట్టుకో బిడ్డా. మీ తాత పెట్టుకోకపోతుండె, నేను రాత్రంత తలుపుకాడ కూసుంటుంటి," అనిరి.

ఇరువదియేండ్లు ఆమె రాత్రులు ఎట్లు గడిచెనో మాకు నాడే తెలిసెను. వాడు హెల్మెట్ లేక గడప దాటరాదని ఆనాడే నియమము పెట్టితిమి.