సలహా కంటే ముందు వినడం
కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుంది?



“కౌన్సెలింగ్‌కు వెళ్లండి” అని డాక్టరు గారు చీటీ రాసిస్తే చాలామందికి ముఖం చిన్నబోతుంది. “నాకేమన్నా పిచ్చా సార్?” అని కొందరు అడుగుతారు. ఇంటి గుట్టు బయటపడుతుందేమో, సంఘంలో తెలిస్తే పరువు పోతుందేమో అని మరికొందరు భయపడతారు. అందుకే ఆ గదిలో ఏం జరుగుతుందో ఈసారి వివరిస్తున్నాం.

ఒక ఉదాహరణ

అహోబిలం దగ్గరి ఒక పల్లె నుంచి భార్యాభర్తలు వచ్చారనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. మన ప్రాంతంలో తరచుగా కనిపించే కష్టాలను కలిపి చెబుతున్నాం. రెండేళ్లుగా పంట చేతికి రాలేదు. బోరు ఎండిపోయింది, అప్పు పెరిగింది. ఆయనకు నిద్ర లేదు, సాయంత్రమైతే తాగుతాడు. ఆమెకు తలనొప్పి, గుండెదడ. పరీక్షల్లో ఏమీ కనబడలేదు. “ఆయప్ప నాతో నోరు తెరిచి మాట్లాడి మూడు నెలలైంది సార్” అంటుంది ఆమె. ఆయన తల వంచుకుని కూర్చుంటాడు.

పెద్దమనుషుల దగ్గరికి వెళ్తే ముందు తప్పెవరిదో తేలుస్తారు. “నువ్వే సర్దుకుపోమ్మా” అంటారు. “మగోడివి, ధైర్యంగా ఉండాల” అంటారు. వారు మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ మాటతో ఇద్దరి నోళ్లూ మూతపడతాయి.

యోబు స్నేహితులు

బైబిలులో యోబు సర్వం పోగొట్టుకున్నప్పుడు ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద కూర్చున్నారు. ఒక్క మాటా మాట్లాడలేదు. వారు చేసిన మేలు అదే. తరువాత నోరు తెరిచి, నీ తప్పు వల్లే ఇదంతా జరిగిందని వాదించారు. యోబు గాయం ఇంకా పెద్దదైంది.

కౌన్సెలర్ నేర్చుకునే మొదటి పాఠం కూడా ఇదే. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1957లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ముఖ్యంగా మూడు గుణాలను చెప్పారు. ఎదుటివారి బాధను వారి స్థానంలో నిలబడి అర్థం చేసుకోవడం, షరతులు పెట్టకుండా వారిని గౌరవించడం, నటన లేకుండా ఉండడం. కౌన్సెలర్‌కు ఎంత చదువున్నా ఈ మూడూ లేకపోతే వచ్చినవారు మనసు విప్పరు.

దంపతులతో ఎలా మాట్లాడతాం?

మొదట ఇద్దరినీ కలిపి కూర్చోబెడతాం. తరువాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం. ఆ తరువాత మళ్లీ ఇద్దరూ కలిసి కూర్చుంటారు. తీర్పు చెప్పం, ఎవరి పక్షమూ వహించం. ఒకరు రెండు నిమిషాలు మాట్లాడితే రెండోవారు అడ్డు రాకూడదు. జవాబు చెప్పే ముందు, తాము విన్నదేమిటో తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఇది వినడానికి సులువుగా ఉంటుంది, చేయడం కష్టం. “నువ్వు చెప్పేది ఇదా? నేను ఇన్నాళ్లూ వేరేగా అనుకున్నా” అనే మాట చాలాసార్లు ఇక్కడే వస్తుంది.

ఒక జాగ్రత్త. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్నప్పుడు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ప్రమాదం. ఆమె ఇక్కడ చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక దెబ్బలు తినవచ్చు. అప్పుడు ముందు ఆమె భద్రత చూడాలి. “సహించు” అని చెప్పడం కౌన్సెలింగ్ కాదు. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు రక్షణ ఇస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.

అడగడానికి భయపడవద్దు

మన ఉదాహరణలోని రైతు, విడిగా కూర్చున్నప్పుడు ఇలా అన్నాడనుకోండి: “నేను లేకుంటేనే వీళ్లకు మేలు.” ఆ మాటను మేము దాటవేయం. “అన్నా, చనిపోవాలని అనిపిస్తోందా? ఎట్లా చేయాలనో కూడా అనుకున్నావా?” అని నేరుగా అడుగుతాం. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయం. అది నిజం కాదు. అడిగినప్పుడు మోస్తున్న బరువు కాస్త దిగుతుంది. పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉందని చెబితే, దాన్ని ఆ రోజే ఇంటి నుంచి తీయించాలి. మానసిక వైద్యులకు చూపించాలి. ఒంటరిగా వదలకూడదు.

మీరు చెప్పిన విషయాలు గోప్యంగా ఉంటాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఆ హక్కు ఇచ్చింది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మాత్రం అవసరమైనవారికి, అవసరమైనంత వరకే చెబుతాం. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించరాదని అదే చట్టం చెబుతోంది. కాబట్టి కేసు భయంతో ఆసుపత్రికి రావడం ఆలస్యం చేయవద్దు.

మందులు, ప్రార్థన, కుటుంబం

కౌన్సెలింగ్ ఒక్కటే అందరికీ సరిపోదు. డిప్రెషన్ ఎక్కువగా ఉంటే మందులు కావాలి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, గుణం కనిపించిందని మధ్యలో ఆపకూడదు. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువని అనుకోవద్దు. ఏలీయా చావు కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత అతన్ని గద్దించలేదు. ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు.

కుటుంబం తోడుంటే ఎంత మేలో మన పొరుగునున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల చూపించింది. 1957లో బాగాయంలో మొదలైన దాని మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివారు కూడా ఉండి చికిత్సలో పాలుపంచుకుంటారు. గొలుసులు, తాళాలు మామూలుగా ఉన్న రోజుల్లో ఇది పెద్ద మార్పు.

ఇంట్లో మీరు చేయగలిగినవి:

1. బాధ చెబుతుంటే మధ్యలో సలహా ఇవ్వకండి. చివరిదాకా వినండి.
2. ఇతరులతో పోల్చకండి.
3. పురుగుమందులు తాళం వేసి, ఇంటికి దూరంగా ఉంచండి.
4. ప్రార్థన కోసం కూడా అవతలివారి గుట్టు అందరి ముందు చెప్పకండి.
5. టెలిమానస్ నంబరు 14416 గోడ మీద రాసుకోండి. ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడవచ్చు.

కౌన్సెలింగ్‌తో ఆ రైతు అప్పు తీరదు, బోరులో నీళ్లు పడవు. కానీ ఆ అప్పు గురించి భార్యాభర్తలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోగలిగితే, మోసేవారు ఇద్దరవుతారు. ఏ మతం వారైనా, ఏ ఊరి వారైనా, ఒంటరిగానైనా జంటగానైనా రండి. మేము వింటాం.

దేవుడు మీ ఇంటికి సమాధానం దయచేయును గాక.