పండ్ల గంపలో పడిన బంతి

ఆటల పీరియడు వచ్చిందంటే మన పల్లెటూరి బడులలో చాలాచోట్ల జరిగేది ఒక్కటే. ఒకడు బ్యాటు పట్టుకుంటాడు, చెయ్యి తిరిగినవాడు బంతి వేస్తాడు, మిగిలిన ఇరవైమంది ఎండలో నిలువబడి చూస్తారు. ఆడపిల్లలు చెట్టు క్రింద కూర్చుంటారు. కొన్నిచోట్ల ఆ గంట కాస్తా లెక్కల మాస్టారు పుచ్చుకుంటారు. సంఘ పెద్దలలోనూ కొందరు, శరీర సాధకమును గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన మాట చూపించి, ఆటలెందుకంటారు. కొంచెమైనా ప్రయోజనమున్నదనే కదా ఆయన వ్రాసినది!

జేమ్స్ నెయిస్మిత్ సంగతి మన సంఘాలలో తెలిసినవారు తక్కువ. ఆయన 1861లో కెనడాలో పుట్టి, తొమ్మిదేండ్ల వయసులో తల్లిదండ్రులను పోగొట్టుకొని, పెద్దవాడై మాంట్రియల్‌లో వేదాంత విద్య పూర్తి చేశాడు. పుల్పిట్ ఎక్కవలసినవాడు ఆటల మాస్టారు కావడమేమిటని తోబుట్టువే నొచ్చుకున్నది.

1891 చలికాలములో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు వై.ఎం.సి.ఎ. శిక్షణా పాఠశాలలో పద్దెనిమిదిమంది యౌవనస్థుల తరగతిని ఆయనకు అప్పగించారు. బయట మంచు, లోపల రోజూ అదే కసరత్తు. వారితో వేగలేక అప్పటికే ఇద్దరు మాస్టర్లు వదులుకున్నారు. పై అధికారి లూథర్ గ్యూలిక్ రెండు వారాలు గడువిచ్చి, క్రొత్త ఆట కనిపెట్టమన్నాడు.

తెలిసిన ఆటలను ఆ గదిలో ఆడించి చూచి భంగపడ్డాక ఆయన ఆలోచించాడు. దెబ్బలెందుకు తగులుతున్నవి? బంతితో పరుగెత్తేవాడిని ఆపబోయి. అయితే పరుగే వద్దు. బంతి అందినవాడు అక్కడినుండే మరొకనికి అందించాలి. గోలు నేలమీద ఉంటే బలమున్నవాడు గట్టిగా కొడతాడు. దానిని తలలపైకి ఎత్తితే గురి చూచి మెల్లగా వేయవలసినదే. పెట్టెలు రెండు కావాలని అడిగితే బడి పనివాడు పీచ్ పండ్ల గంపలు తెచ్చి ఇచ్చాడు. పది అడుగుల ఎత్తున వాటిని బిగించారు. జట్టుకు తొమ్మిదిమంది, నియమాలు పదమూడు. మొదటి ఆటలో గంపలో పడినది ఒక్క బంతే! గంపకు అడుగు ఉన్నందున దానిని ఎక్కి తీయవలసి వచ్చింది. బాస్కెట్‌బాల్ పుట్టినది అలా.

మరుసటి సంవత్సరమే సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని స్మిత్ కాలేజీలో ఆడపిల్లలకు ఆ ఆట నేర్పింది. అదే స్ప్రింగ్‌ఫీల్డు బడిలో చదివిన విలియం మోర్గన్ 1895లో వాలీబాల్ కనిపెట్టాడు. 1920లో హ్యారీ బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాడు.

ఇది చదివిన తర్వాత మేము ఊరకుండలేక, సెలవుల బైబిలు బడిలో రెండు వెదురు గంపల అడుగులు కోయించి, గుడి ఆవరణలోని వేపచెట్లకు కట్టించాము. సిమెంటు కోర్టు మన వల్ల అయ్యేదా? రబ్బరు బంతి చాలింది. పదమూడు నియమాలకు మాదొకటి చేర్చాము: జట్టులో అందరి చేతులూ తాకనిదే బంతి గంపలో వేయరాదు.

మొదటి రోజు పెద్ద పిల్లలు, "ఇదేం రూలు అయ్యగారూ!" అని సణిగారు. కాలు ఈడ్చి నడిచే ఒక పాప మా దగ్గర ఏటేటా చెప్పులకు కాపలా కూర్చునేది. ఆమెను ఆటలోకి పిలిస్తే భయపడింది, రెండుసార్లు బంతి జారవిడిచింది. మూడవ రోజుకు ఆ సణిగిన పిల్లలే, ఆమె పేరు పెట్టి కేకలు వేస్తూ, దగ్గరకు వచ్చి బంతి అందిస్తున్నారు.

ఆ సాయంత్రం పాప తల్లి మా ఇంటికి వచ్చింది. "పరికిణీ అంతా మట్టి చేసుకొచ్చింది అయ్యగారూ" అని ఫిర్యాదు చేసింది. చెప్తూ నవ్వుతున్నది.